పుస్తకాల బొమ్మలా, గ్యాలరీ బొమ్మలా? శ్రీకాకుళం, విజయనగరం ఆర్టిస్టులకు ఒక సలహా

ముందే చెప్పేస్తాను. పుస్తకాలకీ, పత్రికలకీ, ప్రకటనలకీ బొమ్మలేసి బతుకుతున్న మనిషి, అదీ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటూ, ఒక్కసారిగా ఆ పని మానేసి గ్యాలరీ ఆర్టిస్టుగా మారిపోతానంటే నేను వద్దనే అంటాను. అలాగని జీవితాంతం పార్టీ, అంటే పని ఇచ్చినవాళ్ళు, చెప్పిన బొమ్మే వేస్తూ కూర్చోమనీ అనను. కమర్షియల్ అంటే తక్కువ, గ్యాలరీ అంటే అసలు కళ అనే మాట ఫైన్ ఆర్ట్స్ కుర్రాళ్ళు టీ తాగుతూ మాట్లాడుకోవడానికి బాగుంటుంది గానీ ఒకటో తారీఖున ఇంటద్దె కట్టాల్సినవాడికి దానివల్ల ఉపయోగం లేదు. తేడా చూడాల్సింది వేరే చోట. డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, వేసిన బొమ్మ మీద హక్కు ఎవరికి మిగులుతుంది, వీటికంటే ముఖ్యంగా, ఏం వెయ్యాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోతే మీరు ఏం వేస్తారు.

మన జిల్లాల్లో ఒకటికి మించి దారులున్నాయి, వాటికి పెద్ద పేర్లే ఉన్నాయి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారిని జనం గ్యాలరీ గోడల మీద కంటే చందమామ, యువ పత్రికల అట్టల మీదే ఎక్కువ చూశారు. వపా అన్న సంతకం కనిపిస్తే చాలు, ఆ అట్టను జాగ్రత్తగా కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నవాళ్ళు మన పాత ఇళ్ళల్లో ఉన్నారు. ఇంకోవైపు బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజుగారు మద్రాసులో పేరున్న శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని వచ్చి, విజయనగరంలో చిత్రకళా పాఠశాల నడిపారు. పాఠాలు చెప్పుకుంటూ సొంత బొమ్మలు వేసుకునే మూడో దారి అది, మన ఊరికి కొత్తదేమీ కాదు. ఇందులో ఎవరు పెద్ద ఆర్టిస్టు అని నన్ను అడక్కండి, ఆ ప్రశ్నే నాకు నచ్చదు.

డబ్బు లెక్క

కమర్షియల్ పనిలో మొత్తం చిన్నదైనా, డబ్బు వచ్చే తేదీ ఒకటుంటుంది. ఆలస్యమవుతుంది, ఫోన్లు చేయించుకుంటారు, "అకౌంట్స్ వాళ్ళు లీవులో ఉన్నారండీ" అంటారు, కానీ బొమ్మ వెయ్యకముందే రేటు తెలుసు. గ్యాలరీ పనిలో బొమ్మ వేశాక కూడా రేటు తెలియదు, ఎందుకంటే ట్యాగు మీద మీరు రాసిన అంకె ఎవరైనా కొనేదాకా ఉత్త అంకే.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. రేట్లు నేను ఊరికే అనుకున్నవి, మీ రేట్లు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. పిల్లల పుస్తకం 24 పేజీలు, పేజీకి 1,500 చొప్పున ఒప్పుకున్నారు, 36,000 అయింది. కంపెనీ 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయప్పన్ను) పట్టుకుంటే 32,400 చేతికొస్తుంది, మిగతాది రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. స్కెచ్చులు, రంగులు, కరెక్షన్లు కలిపి రెండు నెలలు పట్టిందనుకుందాం. ఇప్పుడు గ్యాలరీ వైపు చూడండి. మన దేశంలో చాలామంది పెయింటర్లు చదరపు అంగుళానికి ఇంత అని ధర కడతారు. 24 × 30 అంగుళాల క్యాన్వాస్ అంటే 720 చదరపు అంగుళాలు, అంగుళానికి 30 రూపాయలు వేస్తే 21,600. గ్యాలరీ కమీషన్ మామూలుగా మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది, 40 శాతం అనుకుంటే 8,640 అక్కడే పోయింది. మిగిలిన 12,960లో క్యాన్వాసు, రంగులు, ఫ్రేము, హైదరాబాదుకి పార్సిలు కలిపి ఓ 4,000 తీసేస్తే తొమ్మిది వేలకి కాస్త తక్కువ. అదీ అమ్ముడైతేనే. పన్నెండు బొమ్మలు తీసుకెళ్ళి మూడు అమ్మితే మిగతా తొమ్మిదింటి ఖర్చు కూడా ఆ మూడే మొయ్యాలి.

ఇది చూసి గ్యాలరీ దండగ అనుకోవద్దు. ఆ తొమ్మిది బొమ్మలూ ఇంకా మీవే. పుస్తకం బొమ్మ ఒకసారి డబ్బు తెచ్చి ఆగిపోతుంది, అంగుళం ధర మాత్రం షోలు జరిగే కొద్దీ పెరుగుతుంది. ఒకసారి పెంచిన ధరని తగ్గించకూడదు, ఎందుకంటే పాత ధరకి కొన్నవాళ్ళు మోసపోయామనుకుంటారు. అందుకే మొదట్లో తక్కువలోనే మొదలుపెట్టండి. కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు మొదటి షోకే బాగా ఎక్కువ ధర పెట్టడం కాదు, గ్యాలరీలో ఒక ధర, ఇంటికొచ్చి అడిగిన బంధువుకి సగం ధర చెప్పడం. ఆ సంగతి గ్యాలరీవాళ్ళకి తెలియకుండా ఉండదు, తెలిశాక రెండోసారి పిలవరు. బాబాయికి ఇవ్వాలనుంటే ఉచితంగా ఇచ్చెయ్యండి, తక్కువకి అమ్మకండి.

కమర్షియల్ పని భద్రం అన్న నమ్మకం కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ఫ్లెక్సులు వచ్చాక సైన్‌బోర్డులు రాసే పెయింటర్ల పని ఏమైందో విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పాతవాళ్ళని అడిగితే చెప్తారు. ఇప్పుడు పెళ్ళికార్డు మీద వధూవరుల కార్టూన్లు, కోచింగ్ సెంటర్ పోస్టర్లు, దుకాణాల లోగోల్లాంటి చిన్న పనుల్ని ఏఐ బొమ్మలు లాగేసుకుంటున్నాయి. ఈ చిన్న పనుల మీదే బతుకుతున్నవాళ్ళకి "ఉన్న పని వదలకు" అన్న సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. కథ చదివి, దానికి తగిన మనుషుల్ని, బట్టల్ని, ఊరిని ఊహించి వేసే పుస్తకాల పని ఇంకా నిలబడే ఉంది, ముందు అటువైపు జరగండి. గ్యాలరీ సంగతి ఆ తర్వాత.

బొమ్మ ఎవరిది?

దీని మీద మనవాళ్ళు అసలు దృష్టి పెట్టరు, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్ళే మొదటి హక్కుదారు. కానీ దానికి మినహాయింపులున్నాయి. జీతానికి పనిచేస్తూ ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ, ఎదురు ఒప్పందం ఏదీ లేకపోతే, వేయించుకున్నవాళ్ళదే. అంటే ఒక హోటల్ ఓనరు తన రిసెప్షన్ కోసం మీచేత బొబ్బిలి యుద్ధం పెయింటింగ్ వేయించుకుని, తర్వాత దాన్నే క్యాలెండర్ మీద వేసుకుంటే, కాగితం మీద ఏమీ రాసుకోని మీరు గొడవపడే అవకాశం చాలా తక్కువ. ఒక్క పేజీ ఒప్పందం, అందులో "కాపీరైట్ ఆర్టిస్టుదే, రిసెప్షన్‌లో పెట్టుకోవడానికి మాత్రమే అనుమతి" అన్న ఒక్క వాక్యం ఉంటే కథ మారిపోతుంది.

హక్కులు రాసిచ్చేటప్పుడు కూడా చూసుకోండి. రాసి సంతకం పెట్టకపోతే హక్కు బదిలీ చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకే అనుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే అనుకుంటుంది. అందుకే తెలివైన కంపెనీలు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ముందే అచ్చు వేయించి పంపిస్తాయి. దాని మీద సంతకం పెట్టొద్దనను, కానీ ఆ మాటకి వేరే రేటు ఉండాలి. ఒక సంస్థ మామూలు పుస్తకం రేటుకే శాశ్వత హక్కులు అడిగింది, ఐదేళ్ళు చేయమంటే మాట మార్చింది, నేను వదిలేశాను. వదిలేసే ధైర్యం ఎప్పుడు వస్తుందంటే చేతిలో ఇంకో పని ఉన్నప్పుడు.

గ్యాలరీ వైపు ఇంకో మంచి నిబంధన ఉంది. ఒరిజినల్ పెయింటింగ్‌ను కొన్నవాళ్ళు మళ్ళీ 10,000 రూపాయలకంటే ఎక్కువకి అమ్మితే అందులో ఆర్టిస్టుకి వాటా అడిగే హక్కు ఇదే చట్టంలోని 53ఏ సెక్షన్ ఇస్తుంది, అది 10 శాతానికి మించదు. ఆచరణలో ఎవరు ఎవరికి అమ్మారో మనదాకా వార్త రావడమే కష్టం, అది వేరే బాధ. కానీ ఈ వాటా మొదటి హక్కుదారైన ఆర్టిస్టుకే, కాబట్టి ఆర్డరు మీద వేసి హక్కు కొన్నవాళ్ళకే వదిలేసిన బొమ్మకి ఇది కూడా పోయినట్టే. సొంతంగా వేసిన బొమ్మకీ ఆర్డరు బొమ్మకీ మధ్య తేడా మనసులోనే కాదు, చట్టంలో కూడా ఉందన్నమాట.

ఎవరూ అడగని బొమ్మ

ఇప్పుడు అసలు విషయం. మంచి ఇలస్ట్రేటరుకి ఉన్న బలమే గ్యాలరీలో అడ్డం పడుతుంది. కథ ఇస్తే బొమ్మ ఇచ్చే అలవాటు పడిపోయిన చెయ్యి, కథ ఇవ్వకపోతే ఏం వెయ్యాలో తెలియక సిరిమాను జాతర, అరసవల్లి గుడి, బొబ్బిలి వీణ, సవర నృత్యం అని టూరిజం పోస్టరు లిస్టు తయారుచేస్తుంది. ఆ విషయాల్లో తప్పులేదు. కానీ మీరు వాటిని ఎందుకు వేస్తున్నారంటే "మన సంస్కృతి కదా" తప్ప వేరే జవాబు లేకపోతే, ఎదురుగా పార్టీ లేదు గానీ మీరు ఇంకా పార్టీ కోసమే వేస్తున్నారు.

ఎడ్వర్డ్ హాపర్ సంగతి చూడండి. అమెరికాలో పేరు మోసిన ఈ పెయింటరు ఏళ్ళ తరబడి పత్రికలకి, ప్రకటనలకి బొమ్మలేసి బతికాడు, ఆ పనంటే ఆయనకి ఇష్టం కూడా లేదు. 1913లో ఒక పెయింటింగ్ 250 డాలర్లకి అమ్ముడైంది. తర్వాతిది అమ్ముడవడానికి పదేళ్ళు పట్టింది, 1923లో బ్రూక్లిన్ మ్యూజియం ఒక వాటర్‌కలర్‌ని 100 డాలర్లకి కొన్నది. మరుసటేడు న్యూయార్కులో రెన్ గ్యాలరీ షోలో వాటర్‌కలర్లు అన్నీ అమ్ముడయ్యాక గానీ ఆయన ఇలస్ట్రేషన్ మానలేదు. అప్పటికి వయసు నలభై దాటింది. ఆ పదేళ్ళూ ఎవరూ కొనకపోయినా, ఎవరూ అడగకపోయినా సొంత బొమ్మ ఆపలేదు, నేను చూసేది అది.

ఆండీ వార్హోల్ దీనికి పూర్తిగా వేరు. 1950ల్లో న్యూయార్కులో చెప్పుల కంపెనీ ప్రకటనలకి బొమ్మలేసి బాగా సంపాదించాడు, ఆ పనిని దాచుకోలేదు, ప్రకటన చూసే చూపునే గ్యాలరీకి తీసుకెళ్ళాడు. 1962లో లాస్ ఏంజిలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో 32 సూపు డబ్బాల బొమ్మలు పెట్టాడు, ఒక్కోటి 100 డాలర్లు. పెద్దగా అమ్ముడవలేదు. గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్ వాటిని విడదీయకూడదని పట్టుబట్టి మొత్తం 32 కలిపి 1,000 డాలర్లకి తనే ఉంచుకున్నాడు, ఇప్పుడవి న్యూయార్కు మోమా మ్యూజియంలో ఉన్నాయి. గ్యాలరీ మనిషి కొనేది ఒక బొమ్మని కాదు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బొమ్మల గుంపుని. మన ఇలస్ట్రేటర్లు గ్యాలరీకి పంపే ఫైల్లో దేవుడొకటి, పల్లెపడుచొకటి, గుర్రం ఒకటి, అబ్‌స్ట్రాక్ట్ ఒకటి ఉంటాయి. అన్నీ వెయ్యగలను అని చూపించడం పార్టీకి నచ్చుతుంది, గ్యాలరీకి నచ్చదు.

మన దేశంలో పెయింటర్ ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసినవాడే. పెద్ద గీత, ఒక్క వేటులో పడే రంగు, దూరం నుంచి తెలిసే ఆకారం, ఇవి ఆయన క్యాన్వాసుల్లో కనిపిస్తాయి. ఆ చెయ్యి హోర్డింగుల మీద కూడా ఆరితేరిందని నాకనిపిస్తుంది. కాబట్టి కమర్షియల్ పని చెయ్యిని పాడుచేస్తుందన్న భయం వద్దు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి సులువైన దారి ఇది. గత ఏడాదిలో ఎవరూ అడక్కుండా, పోస్టు చెయ్యడానికి కాకుండా, పోటీకి కాకుండా వేసిన బొమ్మలన్నీ నేల మీద పరచండి. పదిహేనో ఇరవయ్యో ఉండి, వాటిలో ఏదో ఒక పట్టుదల పదేపదే కనిపిస్తే, ఉదాహరణకి అదే కళింగపట్నం తీరంలో వలలు బాగుచేసే చేతులే మళ్ళీ మళ్ళీ వస్తే, మీకు గ్యాలరీ పని మొదలైపోయింది. అసలు ఏమీ లేకపోతే ఉద్యోగం మానేసినా అవి పుట్టవు. టైము లేక వెయ్యలేదు అంటారా, ఒక ఆదివారం ఇచ్చి చూడండి.

రెండూ కలిపి చేస్తే

చాలామందికి నేను చెప్పేది ఇదే, కానీ సగం సగం కాదు. ఏడాదిని విడగొట్టండి. మన ప్రాంతంలో పుస్తకాల పని ఎక్కువగా ఏ నెలల్లో వస్తుందో మీకే తెలుసు, అది తగ్గిన నెలల్ని సొంత బొమ్మకి వదిలెయ్యండి. రోజులో పొద్దున పార్టీ పని, రాత్రి సొంత పని అన్నది వినడానికి బాగుంటుంది గానీ అలసిన కన్ను పొద్దుటి రంగుల్నే మళ్ళీ వేస్తుంది. 1966లో మద్రాసు దగ్గర పెట్టిన చోళమండలం కళాగ్రామంలో పేరున్న పెయింటర్లు బాటిక్ (మైనం పూసి రంగులద్దే) గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో తమ బొమ్మలు తాము వేసుకున్నారు. పొట్టకోసం చేసే పని వేరే రకం పని అయితే సొంత బొమ్మకి మంచిదని నా అభిప్రాయం. ఆ లెక్కన, రోజంతా డిజిటల్‌లో ఇలస్ట్రేషన్ చేసేవాళ్ళు సొంత బొమ్మని క్యాన్వాసు మీదో కాగితం మీదో వెయ్యడం నయం. డిజిటల్ ప్రింట్లని కూడా ఎడిషన్ నంబరు వేసి (ఇన్నే కాపీలు, అందులో ఇది ఎన్నోది అని రాసి) అమ్ముకోవచ్చు, కానీ మొదటిసారి కొనే మన తెలుగు కొనుగోలుదారు "ఒరిజినల్ ఏదండీ?" అని అడుగుతాడు. అడగడం తప్పు కాదు.

డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఉన్నవాళ్ళకి ఇది ఇంకా తేలిక, సెలవులు ఉంటాయి, జీతం ఉంటుంది. అలాంటి ఉద్యోగం దొరికితే గ్యాలరీ కోసం దాన్ని వదలకండి.

ఇంకో ఆధారం కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్పులు. 25 నుంచి 40 ఏళ్ళ మధ్యవాళ్ళకి జూనియర్, నెలకి 10,000. నలభై దాటినవాళ్ళకి సీనియర్, నెలకి 20,000. రెండేళ్ళు ఇస్తారు. ఆ శాఖ కిందున్న సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ద్వారా దరఖాస్తు చేసుకోవాలి, ఏం చెయ్యబోతున్నారో ప్రాజెక్టు రాసివ్వాలి. "బొమ్మలు వేస్తాను" అని రాస్తే రాదు. శ్రీకూర్మం గుడి గోడల మీది చిత్రాల రంగుల మీద పని చేస్తానో, పొందూరు ఖద్దరు మీద సహజ రంగులతో వేస్తానో, ఒక స్పష్టమైన పని ఉండాలి. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకి కూడా పంపుతూ ఉండండి, ఎంపికైతే బయోడేటాలో ఆ ఒక్క లైను చాలా తలుపులు తెరుస్తుంది.

మన ఊళ్ళో ఉండి చేస్తే

గ్యాలరీ మార్కెట్ మన జిల్లాల్లో లేదు, మొహమాటం లేకుండా చెప్పాలంటే. విశాఖలో కొంత కదలిక ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉండటం వల్ల చూసేవాళ్ళు ఉంటారు, కొనేవాళ్ళు తక్కువ. హైదరాబాదులో కళాకృతి, సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీలు ఉన్నాయి, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఉంది. ముంబై జహంగీర్ గ్యాలరీలో హాలు కావాలంటే ఏళ్ళ తరబడి వెయిటింగ్ ఉంటుంది, కాబట్టి దరఖాస్తు ఇప్పుడే వేసి మరిచిపోండి. అద్దె హాలు తీసుకుని సొంత ఖర్చుతో షో పెట్టడానికీ, గ్యాలరీ తనంతట పిలిచి షో పెట్టడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో కమీషన్ ఉండకపోవచ్చు కానీ కొనేవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా ఉండవు, ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళు టీ తాగి సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు. మొదటి అడుగు గ్రూప్ షోతోనే వెయ్యండి.

మనకి అద్దె తక్కువ, వెలుతురున్న పెద్ద గది దొరుకుతుంది, అది హైదరాబాదు ఆర్టిస్టుకి లేని లాభం. నష్టం ఏమిటంటే సముద్రపు గాలి, తేమ. కాగితం మీద బూజు పడుతుంది. బొమ్మలు గోడకి ఆనించి ఉంచకండి, నేలకి అడుగు ఎత్తులో రాక్ కొట్టించండి, మధ్యలో బటర్ పేపరు వెయ్యండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్ళ కప్పులు ఎగిరిపోయిన ఊళ్ళు మనవే, కాబట్టి ప్రతి బొమ్మకీ మంచి ఫోటో, కొలతలు, ధర రాసిన జాబితా ఒకటి వేరే చోట కూడా ఉండాలి.

పుస్తకం పనికి వాడే రంగులు స్కానర్ దాకా నిలిస్తే చాలు. గోడ మీద ఇరవై ఏళ్ళు ఉండాల్సిన బొమ్మకి అవి చాలవు. డై ఇంకులు, చవక పోస్టర్ కలర్లు, కొన్ని గులాబీ ఎరుపులు వెలుతురుకి వెలిసిపోతాయి. ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ రేటింగ్ (వెలుతురుకి రంగు ఎంత నిలుస్తుందో చెప్పే గుర్తు) చూసి కొనండి, కాగితమైతే యాసిడ్ లేని కాటన్ కాగితం, 300 జీఎస్ఎం మందం. పార్సిలు పంపేటప్పుడు ఎక్రిలిక్ క్యాన్వాసుని రంగు వైపు బయటికి ఉండేలా లావుపాటి పైపు మీద చుట్టండి, లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్ళు వస్తాయి. ఫ్రేము అక్కడే కట్టించడం చవక, ఆమదాలవలసలో రైలెక్కించే అద్దం ఫ్రేము సికింద్రాబాదులో ముక్కలై దిగుతుంది.

గ్యాలరీతో మాట కుదుర్చుకునేముందు నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: కమీషన్ ఎంత, డబ్బు అమ్మిన ఎన్ని రోజులకి ఇస్తారు, బొమ్మ వాళ్ళ దగ్గర పాడైతే ఎవరు భరిస్తారు, కొన్నవాళ్ళ పేరు మీకు చెప్తారా. ఆఖరి ప్రశ్నకి చాలామంది తలూపరు. మొదటి మూడింటికి కూడా జవాబు కాగితం మీద ఇవ్వనివాళ్ళకి బొమ్మ ఇవ్వకండి, ఎంత పెద్ద పేరున్న హాలైనా సరే.